నాయన చొక్కా మీద బొచ్చు

మా ఇంట్లో కుక్క బొచ్చు లేని చోటు ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే నేను కాసేపు ఆలోచించాలి. బీరువా పైన ఉంటుంది. ఉప్పు డబ్బా మూత కింద ఉంటుంది. చర్చికి తీసుకెళ్ళే సంచిలో కళ్ళజోడు డబ్బా తెరిస్తే అందులోనూ ఉంటుంది. కుట్టుమిషను బాబిన్ కేసు విప్పితే దారంతో పాటు అదీ చుట్టుకొని ఉంటుంది. రెండేళ్ళుగా అది రాలుస్తూనే ఉంది, నేను ఎత్తుతూనే ఉన్నాను. ఇద్దరిలో అలసిపోయింది నేనే.

మార్కాపురంలో మా ఇంటి ముందు గదిలోనే నేను జాకెట్లు కుడతాను. నాకు ముక్కు మీద కోపమని వీధిలో అందరికీ తెలుసు. అయినా చేతిపని బాగుంటుందని వస్తారు. బట్టలు కుట్టేవాళ్ళ ఇంట్లో తెల్ల బొచ్చుకుక్క ఉండటమంటే పిండి మిల్లులో నల్లచీర కట్టుకొని కూర్చోవడమే. ఈ మాట నేను చాలామందితో అన్నాను, కుక్కతో కూడా అన్నాను.

మా ఆయన లారీ మీద తిరుగుతాడు. నెలలో నాలుగైదు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో చదువుకుంటున్నారు. అమ్మ చనిపోయాక నాయనను నా దగ్గరికే తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళు రాతిపలకల ఫ్యాక్టరీలో కోతమిషను దగ్గర నిలబడ్డ మనిషి, పని లేకుండా కూర్చోవడం చేతకాదు. హుక్కులు లెక్కపెట్టి ఇస్తానంటాడు, కాజాలకు దారం ఎక్కిస్తానంటాడు. సూదిలో దారం ఎక్కేసరికి నేను జాకెట్టు కుట్టి మడత పెట్టేస్తాను.

మా మేడ మీద గదిలో ఒక టీచరమ్మ అద్దెకు ఉండేది. కుక్క ఆమెది. పొమేరియన్. మోకాలెత్తు కూడా ఉండదు. మెడ చుట్టూ దూది కుక్కినట్టు తెల్లటి బొచ్చు, తోక వీపు మీదికి తిరిగి ఉంటుంది. టీచరమ్మకు గుంటూరు వైపు బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇంట్లో కుక్కల్ని రానివ్వరట.

"ఒక్క నెల ఉంచుకో అక్కా. ఇల్లు మారగానే వచ్చి తీసుకెళ్తా" అంది.

దాని గిన్నె, గొలుసు, తీగల దువ్వెన ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది. వానాకాలం మొదట్లో సంగతి. నెల అయింది, రెండు నెలలయ్యాయి. ఫోన్ చేస్తే, "అక్కా, అది మీ ఇంటికి బాగా అలవాటైపోయినట్టుంది" అంది. ఆ ముక్కతో నాకు విషయం అర్థమైంది. ఫోన్ పెట్టేసి కుక్క వంక చూశాను. అది నాయన చెప్పు మీద తల పెట్టుకొని నిద్రపోతోంది.

టీచరమ్మ దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టింది. నాయనకు అది నోరు తిరగలేదు. "అమ్మీ" అని పిలవడం మొదలుపెట్టాడు. మా వైపు చిన్న ఆడపిల్లల్ని అట్లా పిలుస్తారు. నా పెళ్ళయ్యేదాకా నేనూ అమ్మీనే, తర్వాత నన్ను అమ్మా అనడం మొదలుపెట్టాడు. నా పిలుపు పట్టుకుపోయి కుక్కకు ఇచ్చాడని నాకు కొంచెం కచ్చగానే ఉండేది. ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే అది ఎగిరి ఒళ్ళో కూర్చునేది. పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఇద్దరూ వీధిని చూసేవాళ్ళు. అమ్మ పోయాక నాయన అంతసేపు ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు. అందుకే కుక్క తిరిగి వెళ్ళనందుకు పైకి ఎంత అరిచినా లోపల సంతోషపడ్డాను.

ఆ సంతోషం శివరాత్రి దాకానే. ఎండలు మొదలయ్యేసరికి కుక్క బొచ్చు రాలడం మొదలైంది. వెంట్రుకలు కాదు, గుప్పెళ్ళు. పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేది. రోగమేమో అనుకొని టీచరమ్మకు ఫోన్ చేశాను. "ఏడాదికి రెండుసార్లు అట్లానే రాలుతుంది అక్కా, మామూలే" అంది. నాకు అప్పగించిన రోజు ఈ మామూలు సంగతి ఎందుకు చెప్పలేదో ఆమెనే అడగాలి.

ఆ నెలలోనే ఒక పెళ్ళిజాకెట్టు కుట్టాను. ముదురు మెరూన్ పట్టు, లోపల లైనింగు. పెళ్ళికూతురి తల్లి వచ్చి జాకెట్టును గుమ్మం వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పట్టుకూ లైనింగుకూ మధ్య నాలుగు తెల్ల వెంట్రుకలు వెలుతురులో మెరిశాయి.

"ఏందమ్మా ఇది, మీ నాయన తల వెంట్రుకలా?" అంది.

"కాదక్కా, కుక్కవి."

అట్లా చెప్పి ఉండకూడదని చెప్పాక తెలిసింది. ఆమె మొహం చూసి జాకెట్టు తీసుకొని కుట్లన్నీ విప్పాను. లైనింగు మార్చి ఆమె కళ్ళ ముందే మళ్ళీ కుట్టాను. ఆమె వెళ్ళాక నాయన మీద పడ్డాను. కుక్కను పంపించేస్తున్నానని చెప్పాను.

"పంపియ్యి. నన్నూ దాంతో పాటే పంపియ్యి. ఇద్దరం ఒకే ఆటోలో పోతాం" అన్నాడు నాయన, వీధిలోంచి చూపు తిప్పకుండా.

ఏం చేస్తాను? ముందు గదికి, మధ్య గదికి నడుమ పాతచీర తెరగా కట్టాను. కుక్క దాటి రాకూడదు. మిషను మీద పని లేనప్పుడు దుప్పటి కప్పేదాన్ని. కోసిన గుడ్డలన్నీ కవర్లలో మూతికట్టి పెట్టేదాన్ని. ఒకరకంగా సర్దుకున్నాం అనుకునేసరికి నాయనకు ఆయాసం ఎక్కువైంది.

దగ్గు ఆయనకు కొత్త కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దున్నే లేచి కాసేపు దగ్గి, ఉమ్మి, మొహం కడుక్కోవడం ఆయనకు అలవాటు. ఈసారి మేడ మెట్లు నాలుగు ఎక్కి ఆగిపోతున్నాడు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. ఊళ్ళోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. జనం కిక్కిరిసి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

"బీడీలు తాగుతావా పెద్దాయనా?"

"మానేసి ఇరవై ఏండ్లయింది సార్."

"ఏం పని చేసేవాడివి?"

నాయన నోరు తెరవబోయాడు. ఊపిరి అందలేదు. నేను అందుకున్నాను. "కూలి పని సార్" అన్నాను.

మేం ఎక్కడైనా చెప్పేది అదే. రేషన్ కార్డుకు అడిగితే అదే చెప్పాం, పింఛను కాగితాల్లో అదే రాయించాం, నన్ను బళ్ళో వేసినప్పుడు తండ్రి పని అన్నచోట పంతులు రాసుకున్నదీ అదే. మా పేటలో ఎవరు ఏ పనికి పోయినా కాగితం దగ్గరికి వచ్చేసరికి కూలి. డాక్టరు కూడా మారు అడగలేదు. రాసుకున్నాడు. తర్వాత స్టెతస్కోపు పెట్టబోయి నాయన చొక్కా వంక చూశాడు. నీలం చొక్కా. రొమ్ము మీద, భుజాల మీద, జేబు అంచున తెల్ల బొచ్చు.

"ఇంట్లో కుక్క ఉందా?"

"ఉంది సార్, బొచ్చుకుక్క" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గెలిచినట్టు అనిపించింది.

"ముందు దాన్ని ఇంట్లోంచి పంపండి. ఈ బొచ్చు ఈయనకు పడదు" అని పీల్చే మందు రాసిచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాయన తన చొక్కా మీది వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటున్నాడు. బయట పారేయొచ్చు కదా అని నేను అనలేదు. ఇల్లు దగ్గర పడుతుండగా, "క్రిస్మస్ దాకా గడువియ్యమ్మా. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నాడు.

సరే అన్నాను. త్రిపురాంతకంలో మా చిన్నమ్మ ఉంది. పెద్ద దొడ్డి, కోళ్ళు, రెండు బర్రెలు. కుక్కను ఎప్పుడు తెచ్చినా కట్టేసుకుంటానంది. కట్టేసుకుంటాను అన్న మాట నాయనకు చెప్పలేదు.

ఇక అప్పటి నుంచి నాకూ బొచ్చుకూ యుద్ధం. చీపురు పనికిరాదని మొదటి రోజే తెలిసింది. ఊడిస్తే లేస్తుంది, లేచి తిరిగి నాయన మంచం మీదే పడుతుంది. తడిగుడ్డతో తుడవాలి. దుప్పట్ల మీద రబ్బరు చేతితొడుగు తడిపి ఒకే వైపుకు లాగితే బొచ్చంతా ఉండ చుట్టుకుంటుంది. చొక్కాలకు అట్టపెట్టెలు అంటించే వెడల్పు టేపు, జిగురు పైకి వచ్చేట్టు చేతికి చుట్టుకొని అద్దాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాయనను నిలబెట్టి చొక్కా మీద టేపు అద్దేదాన్ని. పోలీసు ముందు నిలబడ్డట్టు చేతులు పక్కకు చాపి నిలబడేవాడు. కుక్క ఒళ్ళోకి రాకూడదు. మంచం ఎక్కకూడదు. అది ఆయన కుర్చీ కింద పడుకొని పైకి చూసేది. ఆయన కిందికి చూసేవాడు. ఇద్దరి మొహాలూ చూడలేక నేను మిషను తొక్కుకునేదాన్ని.

మే నెలలో గిద్దలూరులో మా ఆడపడుచు కూతురికి నిశ్చితార్థం ఉంటే పొద్దున వెళ్ళి మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాను. గేటు తీస్తే వరండా అంతా తెల్లగా ఉంది. మధ్యలో నాయన చాప వేసుకొని కూర్చున్నాడు. ఒళ్ళో కుక్క. దాని నడుము వెనక భాగం అంతా గులాబీ రంగు చర్మం, అక్కడక్కడ మెట్లు మెట్లుగా మిగిలిన బొచ్చు. తల మాత్రం ఎప్పటిలాగే ఉంది. నాయన చేతిలో నా కత్తెర ఉంది. గుడ్డ తప్ప కాగితం కూడా కోయనివ్వని కత్తెర.

నేను అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు వినిపించింది, నాయన ఊపిరి. ఈల వేసినట్టు వస్తోంది. పెదాలు నల్లబడ్డాయి.

"చిన్నప్పుడు కొనకనమిట్ల కాడ... గొర్రెలకు బొచ్చు తీసినా" అన్నాడు, ముక్కముక్కలుగా. "ఎండలకు ముందే తీసేవాళ్ళం. బొచ్చే లేకపోతే... ఇంక రాలేది ఏముంది?"

కుక్కను ఇంట్లో వేసి తలుపు పెట్టి ఆటో పిలిచాను. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం తగిలించి మందు పొగ పట్టించారు. గంటకు మామూలు రంగుకు వచ్చాడు. అప్పటిదాకా నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. భయం పోగానే కోపం వచ్చింది. "చావాలని ఉంటే చెప్పు నాయనా, నా కత్తెర ఎందుకు పాడుచేయడం" అన్నాను. అన్న మరుక్షణమే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపించింది. ఆయన మాత్రం ఏమీ అనుకోనట్టు, "సగమే అయింది. ముందువైపు నువ్వు తియ్యి" అన్నాడు. గొర్రెల పని తెలిసిన మనిషి, సగం తీసి వదిలేయడం ఆయనకు నామోషీ.

వారం తిరక్కుండానే కుక్క వీపు ఎండకు ఎర్రగా కమిలింది. అది గీరుకుంటూ తిరుగుతోంది. పైగా కత్తెర కింద మిగిలిన పొట్టి బొచ్చు రాలడం ఆగలేదు. ఇదివరకు దూదిలా రాలేది, ఇప్పుడు ముళ్ళలా దుప్పట్లలో గుచ్చుకుంటోంది. కూరగాయల బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇటు ఒక బర్రె, అటు మేకలు, మధ్యలో నేను బుట్టతో. నాయన కూడా వస్తానని వచ్చాడు. తప్పు చేసిన మనిషిలా బల్ల చివర కూర్చున్నాడు.

డాక్టరు కుక్కను చూసి ముందు నవ్వాడు. "ఎవరు చేసినారు ఈ క్షవరం?"

"నేనే సార్" అన్నాడు నాయన.

"గొర్రె అనుకున్నావా తాతా? గొర్రెకు బొచ్చు పెరుగుతూ పోతుంది కాబట్టి కోయాల. దీనికి రెండు పొరలు. పైన ఉండేది ఎండకు, వానకు అడ్డం. కింద మెత్తగా ఉండేది చలికి. ఏడాదికి రెండుసార్లు ఆ కిందిదే రాలుతుంది. నువ్వు పైదాన్ని కూడా కోసేసినావు. మళ్ళీ ఎట్ల వస్తుందో చెప్పలేం. వచ్చేదాకా ఎండలో తిప్పొద్దు."

"మరి రాలకుండా ఏం చేయాల సార్?" అన్నాను నేను.

"రాలకుండా చేయలేవమ్మా. నేల మీద రాలకముందే దువ్వెనలోకి తీసుకోవాల. అంతే."

కొంచెం నీళ్ళు చిలకరించి, చర్మం కనపడేట్టు పాయ తీసి, వరసగా కింద నుంచి పైకి దువ్వాలని చూపించాడు. చెవుల వెనక, చంకల్లో చిక్కులు పడతాయి, అక్కడ వేళ్ళతో విడదీయాలి. తడి ఆరకుండా వదలకూడదు. రాలే రోజుల్లో రోజూ, మిగతా రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు. నాకు ఒక్కసారిగా మనసు కుదుటపడింది. ఇది పని. పని అయితే చేయగలను. ఇంటికి వచ్చి లైనింగు గుడ్డ మిగిలింది తీసి కుక్కకు నాలుగు కాళ్ళకు నాలుగు రంధ్రాలతో చొక్కా కుట్టాను. పెళ్ళికూతుళ్ళకు కూడా నేను అంత ఓపికగా కొలతలు తీసుకోలేదు. వీధిలో వాళ్ళు దాన్ని చూసి నవ్వుకుని, నా దగ్గరికి వచ్చి జాకెట్లు కుట్టించుకున్నారు.

వానలు వెళ్ళేసరికి బొచ్చు వచ్చింది, వీపు మీద మాత్రం పలుచగా వచ్చింది. రెండోసారి రాలే కాలమూ వచ్చింది. సాయంత్రం మేడ మీద కుక్కను ముందు పెట్టుకొని దువ్వడం మొదలుపెట్టాను. నాయన మెట్లు ఆగి ఆగి ఎక్కి, దూరంగా కుర్చీ వేసుకున్నాడు. మొదటి దువ్వుకే బొచ్చు లేచి నా మొహాన కొట్టింది.

"ఎట్ల కూర్చున్నావమ్మా, గాలికి ఎదురుగా!" అన్నాడు నాయన. "కళ్ళంలో సజ్జలు తూర్పార పట్టేటప్పుడు పొట్టు నెత్తిన పోసుకుంటామా?"

దువ్వెన నుంచి ఒక్క వెంట్రుక అడిగి తీసుకున్నాడు. చెయ్యెత్తి వదిలాడు. అది ఎటు పోయిందో చూశాడు. ఆయన కుర్చీని గాలి వచ్చే దిక్కుకు మార్చమన్నాడు, నల్లమల వైపుకు. తర్వాత నేను, గాలికి పక్కగా. నా ముందు కుక్క. దానికి అవతల, గాలి పోయే దిక్కున బట్టల తీగ మీద గోనెపట్టా తడిపి ఆరేయించాడు. నేను దువ్వుతుంటే లేచిన బొచ్చంతా సూటిగా వెళ్ళి ఆ తడిపట్టాకు అంటుకుంది. ఒక్కటి కూడా నాయన వైపు రాలేదు. పని అయ్యాక పట్టా మీద చేత్తో లాగితే బొచ్చు మొత్తం ఒక్క పొరగా ఊడి వచ్చింది. నేను ముప్పై రకాల తంటాలు పడి చేయలేనిది ఆయన కుర్చీలో కూర్చొని చేశాడు. "నీకు ఇదంతా ముందే ఎందుకు తోచలేదు?" అంటే, "ముందు నన్ను ఎవరు అడిగినారు?" అన్నాడు.

అప్పటి నుంచి ఇల్లు ఇల్లులా ఉంది. జాకెట్లలో బొచ్చు రాలేదు. నాయన చొక్కా మీద టేపు అద్దితే టేపు శుభ్రంగా వచ్చేది. ఆయన నా చేతికున్న టేపు వంక చూసి, తర్వాత నా మొహం వంక చూసేవాడు. చూడు, ఏమీ లేదు అన్నట్టు.

కానీ ఆయాసం తగ్గలేదు. నాయన దాచేవాడు. వీధి చివరి దాకా నడిచి వస్తూ మధ్యలో ఆగి, ఎవరి మేకలో చూస్తున్నట్టు నిలబడేవాడు. మెట్ల దగ్గర ఆగి గోడకు సున్నం పెచ్చు లేచిందని చేత్తో తడిమేవాడు. నేను చూడనట్టే ఉన్నాను. క్రిస్మస్ నాడు చర్చిలో ఆయన మగవాళ్ళ వైపు ముందు వరసలో ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన పాట, అందరికంటే గట్టిగా పాడే మనిషి. ఆ రోజు పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. నేను కళ్ళు తుడుచుకొని ఇంటికి వచ్చి చిన్నమ్మకు ఫోన్ చేశాను. కొత్త సంవత్సరం దాటగానే కుక్కను తెస్తానని చెప్పాను. నాయన పక్కనే ఉండి విన్నాడు. గడువు అడిగింది తానే. ఆ సాయంత్రం దాని గొలుసు తుడిచి, గిన్నె తోమి గుమ్మం పక్కన పెట్టాడు.

ఆ మధ్యలో మా ఆయన లారీ దిగి ఇంటికి వచ్చాడు. నాయనను చూసి, ముందు ఒంగోలు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించమని పట్టుబట్టాడు. వెళ్ళాం. ఎదకు ఎక్స్‌రే ఫోటో తీయించారు. చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మా పెద్దపిల్ల కంటే నాలుగేళ్ళు పెద్దదేమో.

"తాతా, ఏం పని చేసేవాడివి?"

"కూలి పని మేడమ్" అన్నాను నేను, అలవాటుగా.

ఆమె రాసుకోలేదు. నా వైపు చూడలేదు కూడా. "ఏం కూలి తాతా?" అని నాయననే అడిగింది.

"పలకల పనమ్మా. కోతమిషను కాడ."

"ఎన్నేళ్ళు?"

"ముప్పై ఏండ్లు."

"మూతికి ఏమైనా కట్టుకునేవాళ్ళా?"

"తువ్వాల కట్టుకునేవాళ్ళం. చెమటకు తడిసి ఊపిరాడకపోతే తీసేసేవాళ్ళం."

ఆమె ఫోటోను వెలుతురుకు పెట్టింది. నాయన ఎదలో రెండు వైపులా సున్నం చల్లినట్టు తెల్లటి చుక్కలు. అది రాతిపొడి చేసిన పని అని చెప్పింది. లోపలికి పోయిన పొడి అక్కడే ఉండిపోయింది, ఇప్పుడు బయటికి రాదు, పాడైన చోటు బాగుపడదు. మందులతో మిగిలినదాన్ని కాపాడుకోవాలి. ఆమె మెల్లగా, దాచకుండా చెప్పింది. బల్ల పట్టుకున్నాను.

నాయన అంతా విన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"అయితే కుక్కది తప్పేం లేదా అమ్మా?" అని అడిగాడు.

"ఏం కుక్క?" అంది డాక్టరమ్మ.

నేను చెప్పాను. ఆమె నవ్వబోయి నాయన మొహం చూసి ఆగింది. "ఇది కుక్క వల్ల వచ్చింది కాదు తాతా. బొచ్చు మొహం మీదికి ఎగరకుండా చూసుకో, చాలు" అంది. నాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం నేను మరిచిపోలేను. బతికిపోయిన మనిషిలా వాలాడు.

బస్సులో నాయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. పొదిలి దాటాక నాకు అమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం నాయన ఫ్యాక్టరీ నుంచి వస్తే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. బయటే నిలబెట్టి చొక్కా విప్పించి గోడకేసి కొట్టేది. బూడిదరంగు పొడి ఇంతెత్తు లేచేది. ఆయన వీపు మీద చెమటకు అంటుకున్న పొడి మీద నేను వేలితో అ, ఆ రాసేదాన్ని. ఆయన కదలకుండా నిలబడి, "ఏం రాసినావు అమ్మీ?" అని అడిగేవాడు. ఆ పొడి ఈయనకు పడదు, ఆ పని మానిపించండి అని మాకు ఎవరూ చెప్పలేదు. మేం ఎవరినీ అడగనూ లేదు. కుక్క బొచ్చు కంటికి కనిపించింది, నేను దాని వెంట పడ్డాను. ముప్పై ఏళ్ళ పనిని రెండుసార్లు, ఇద్దరు డాక్టర్ల ముందు, నాయన నోరు తెరవకముందే కూలి అని తేల్చేసింది నేనే. నాకు సిగ్గేసింది. బస్సులో ఏడవడం ఇష్టం లేక పక్కావిడ సంచి మీది అక్షరాలు చదువుతూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు చప్పుడుకే కుక్క గింగిరాలు తిరిగింది. నాయన కుర్చీలో కూర్చొని, దాని వంక చూసి, నా వంక చూశాడు.

"తీసుకో నాయనా" అన్నాను.

వంగి ఎత్తుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత అది ఆయన ఒళ్ళో కూర్చుంది. దాని పలుచటి వీపు మీద చెయ్యి వేసి, "అమ్మీ, నీ మీద కేసు కొట్టేసినారు" అన్నాడు.

చిన్నమ్మకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. గుమ్మం పక్కన గొలుసు, గిన్నె తీసి లోపల పెట్టాను.

ఇప్పుడు మళ్ళీ రాలే కాలం. సాయంత్రం మేడ మీద నల్లమల వైపున నాయన, ఆయనకు దిగువన నేనూ కుక్కా, తీగ మీద తడిపట్టా. మెట్లు ఎక్కడానికి ఆయనకు ఇదివరకటి కంటే ఎక్కువసేపు పడుతోంది. గోడకు పెచ్చులు లేచాయని ఇప్పుడు చెప్పడు, ఊరికే ఆగుతాడు. నేనూ ఆయన పక్కన ఆగుతాను. దువ్వడం అయ్యాక ఒళ్ళో తువ్వాల పరిచి కుక్కను ఇస్తాను. ఒంగోలు ఆసుపత్రి వాళ్ళిచ్చిన పుస్తకంలో పని అన్నచోటు ఖాళీగా ఉంటే, నాయనను అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. పలకల కోతమిషను, ముప్పై ఏండ్లు. రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాను. చదువుతుండగా ఆయన చొక్కా జేబు అంచున ఒక తెల్ల వెంట్రుక కనిపించింది. టేపు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తీయలేదు.